ఇంట్లో ఉన్నవాడు ఇంటివారితో ఉన్నాడా?



ఈ వారం ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను. మన మందిరం పైన ఉన్న మైకు మీ అందరికీ తెలుసు. శుక్రవారం ఉపవాస ప్రార్థన మొదలైతే చెరువు గట్టు దాకా వినిపిస్తుంది. 2021లో ఒక శుక్రవారం, రెండో పాట నడుస్తుండగా నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. "అయ్యగారూ, మైకు కొంచెం తగ్గిస్తారా? మేనేజర్‌తో మీటింగ్‌లో ఉన్నాను" అని. పంపింది బయటివాళ్ళు కాదు. మందిరం వెనకింటి అబ్బాయి. ఆదివారం మనకు కీబోర్డు వాయించేవాడు. చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠత వాక్యాలు చెప్పి నా చేతుల మీదుగా బహుమతులు తీసుకున్న పిల్లవాడు.

ఆ మాట చెబితే మన పెద్దల్లో ఒకాయనకు కోపం వచ్చింది. "దేవుని పాట వినబడితే వాడి ఉద్యోగం పోతుందా?" అన్నారు. దాచడమెందుకు, నాకూ లోపల చివుక్కుమంది. మైకు తగ్గించాను గానీ ఇష్టంతో తగ్గించలేదు. ఆ తర్వాత నాలుగైదేళ్ళుగా మన ఇళ్ళలో చూసిన సంగతులు నా మనసును మార్చాయి. వాటిని ఈ రోజు మీతో పంచుకోవాలని ప్రభువు ప్రేరేపిస్తున్నాడు.

2020 మార్చి నెల జ్ఞాపకం చేసుకోండి. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. హైదరాబాదు, బెంగళూరు, చెన్నైలలో ఉన్న మన పిల్లలు లాప్‌టాప్ సంచులతో ఇళ్ళకు చేరారు. అంతవరకు వాళ్ళను మనం క్రిస్మస్‌కు, సంక్రాంతి సెలవులకు చూసేవాళ్ళం. అదే ఏడాది నవంబరులో కేంద్ర ప్రభుత్వ టెలికాం శాఖ నిబంధనలు సడలించడంతో, ఇతర సంస్థలకు సేవలందించే కంపెనీలు తమ ఉద్యోగులను ఇంటి నుంచి పని చేయించుకోవడం తేలికైంది. రెండు నెలలనుకున్నది రెండేళ్ళయింది. మన సంఘంలో చాలామంది తల్లులు ఆ రోజుల్లో సాక్ష్యం చెప్పారు. "బిడ్డను నా కళ్ళముందు పెట్టాడయ్యా దేవుడు" అని ఏడ్చారు. ఆ కన్నీళ్ళు నిజమైనవి. ఆ మేలు కూడా నిజమైనదే. దాన్ని తక్కువ చేయడానికి నేను రాయడం లేదు.

ఇంటి నుంచి పని చేయడం కొత్త సంగతి కూడా కాదు. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం తీయండి. కొరింథులో అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు డేరాలు కుట్టేవాళ్ళు. పౌలుదీ అదే వృత్తి కాబట్టి వాళ్ళతోనే ఉండి పని చేశాడు. తర్వాత వాళ్ళ ఇంట్లోనే సంఘం కూడినట్టు 1 కొరింథీయులకు 16:19లోనూ, రోమా 16:5లోనూ చూస్తాం. పని, భోజనం, ప్రార్థన అన్నీ ఒకే కప్పు కింద. చీరాల వైపు మా అమ్మమ్మగారి ఊళ్ళో నేను చిన్నప్పుడు చూసింది కూడా అదే. ఇంటి ముందు గదిలో మగ్గం గుంట. ఇంటాయన గుంటలో కూర్చుని నేస్తుంటే ఆమె పక్కన కండెలు చుట్టేది. పిల్లలు అక్కడే ఆడుకునేవాళ్ళు. కష్టం ఎక్కువ, కూలి తక్కువ. ఆ బతుకు సుఖమైనదని నేననను. అయితే ఒకటి ఉంది. ఆయన గుంటలోంచి లేచి కాళ్ళు కడుక్కుంటే పని అయిపోయినట్టు ఇల్లంతటికీ తెలిసేది.

లాప్‌టాప్‌కు గుంట లేదు. అది మంచం మీదికి వస్తుంది, అన్నం కంచం పక్కకు వస్తుంది, ఆదివారం బైబిలు పక్కన కూడా కూర్చుంటుంది. ఎప్పుడు లేచామో మనకే తెలియదు.

ఒక తల్లి సంగతి చెబుతాను. పేరు చెప్పను. ఆమె కుమారుడు అమెరికా కంపెనీకి పని చేస్తాడు. అమెరికా తూర్పు తీరంలో ఉదయం తొమ్మిదంటే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. సరిగ్గా మన ఇళ్ళలో దీపం పెట్టి, అన్నం వండి, కుటుంబ ప్రార్థనకు కూర్చునే వేళ. ఆ వేళకు అతని గది తలుపు పడుతుంది. తెల్లవారుజామున మూడున్నరకో నాలుక్కో తెరుచుకుంటుంది. ఇంట్లోవాళ్ళు లేచేసరికి అతను నిద్రలో ఉంటాడు. నేను పరామర్శకు వెళ్ళినప్పుడు ఆ తల్లి మెల్లగా అంది. "హైదరాబాదులో ఉన్నప్పుడు రోజూ రాత్రి పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడేవాడయ్యా. ఇప్పుడు పక్క గదిలో ఉన్నాడు. మాటే లేదు."

ప్రియులారా, ఆ మాట విన్నాక నాకు వారం రోజులు ప్రసంగం సిద్ధపడలేదు. మనం బిడ్డలు ఇంట్లో ఉండాలని ప్రార్థన చేశాం. దేవుడు ఇచ్చాడు. కానీ ఇంట్లో ఉండటం ఒకటి, ఇంటివారితో ఉండటం ఇంకొకటి. మొదటిది కంపెనీ అనుమతిస్తే దొరుకుతుంది. రెండోది మనం పూనుకుని ఇవ్వాలి.

ఇక మన చెల్లెళ్ళ సంగతి. కాన్పు తర్వాత, పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఉద్యోగం మానుకోవలసిన చాలామంది స్త్రీలు ఈ విధానం వల్ల ఉద్యోగం నిలుపుకున్నారు. అందుకు దేవునికి స్తోత్రం. కానీ నేను వెళ్ళిన ఇళ్ళలో ఇంకో సంగతి కూడా చూశాను. మగవాడు ఇంటి నుంచి పని చేస్తుంటే "అబ్బాయి డ్యూటీలో ఉన్నాడు, అల్లరి చేయకండి" అంటారు. కోడలు అదే పని చేస్తుంటే "ఇంట్లోనే ఉంది కదా" అంటారు. కుక్కర్ విజిల్ ఆమే వినాలి, గ్యాసు బండి వస్తే ఆమే వెళ్ళాలి, చుట్టాలొస్తే టీ ఆమే పెట్టాలి. నెల జీతం మాత్రం లెక్కలోకి వస్తుంది. సామెతలు 31లోని గుణవతి భార్య గురించి తల్లుల దినాన మనం గొప్పగా ప్రసంగిస్తాం. ఆమె చేతి పనికి తగిన ప్రతిఫలాన్నీ మెప్పునూ ఇవ్వాలని ఆ అధ్యాయం చివర ఉంది. అక్కడికి వచ్చేసరికి మనకు సమయం అయిపోతుంది! అత్తలూ, భర్తలూ, కోడలు చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఆమె ఆఫీసులో ఉన్నట్టే లెక్క. ఆమె ఊరికే కూర్చోలేదు.

ఉద్యోగాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీని గురించి తెలియకుండానే మనం పిల్లలకు సలహాలిస్తున్నాం. చైనాలో సీట్రిప్ అనే ప్రయాణాల కంపెనీలో 2010-11లో తొమ్మిది నెలల పాటు ఒక పరిశోధన జరిగింది. నికొలస్ బ్లూమ్ అనే ఆర్థికవేత్త, ఆయన తోటివారు చేశారు. ఇష్టపడి ముందుకొచ్చిన కాల్ సెంటర్ ఉద్యోగుల్లో కొందరిని వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి, మిగతావారిని ఆఫీసు నుంచి పని చేయించారు. ఇంటి నుంచి చేసినవాళ్ళ పని 13 శాతం పెరిగింది. ఉద్యోగం మానేసేవాళ్ళు సగానికి తగ్గారు. ఇది మంచి వార్త. కానీ అంత పని చేసినా, పనితీరుతో పోల్చి చూస్తే వాళ్ళకు ప్రమోషన్ వచ్చే అవకాశం తగ్గింది. కళ్ళ ముందు లేనివాడు పెద్దల మనసులోనూ ఉండడు. ఆ తర్వాత మళ్ళీ ఎంచుకోమంటే చాలామంది ఆఫీసుకే వెళ్ళిపోయారు. అందుకు ఒక ముఖ్య కారణం ఒంటరితనం. నరుడు ఒంటరిగా ఉండటం మంచిది కాదని దేవుడు ఏదెను తోటలోనే చూశాడు (ఆదికాండము 2:18). మనం ఆ వాక్యాన్ని పెళ్ళిళ్ళలోనే చదువుతాం గానీ, పని చేసేవాడికి తోటివాడు కావాలన్నది కూడా అందులో ఉంది.

అదే కంపెనీలో తర్వాత 1,612 మందితో ఇంకో పరిశోధన చేశారు. 2024లో ప్రచురించారు. ఈసారి వారానికి రెండు రోజులు మాత్రమే ఇంటి నుంచి. మానేసేవాళ్ళు మూడో వంతు తగ్గారు. ప్రమోషన్లకు నష్టం కనబడలేదు. కొంత ఇంట్లో, కొంత తోటివారి మధ్య. జ్ఞానమున్నవారు ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇంకో మాట. నిర్గమకాండము 5వ అధ్యాయంలో ఫరో ఏం చేశాడు? ఇటుకలు చేసేవాళ్ళకు అంతవరకు ఇస్తున్న గడ్డి ఆపేశాడు. గడ్డి వాళ్ళే ఏరుకోవాలి, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదు. ఇంటి నుంచి పని చేసే మన పిల్లల్లో కొందరికి కరెంటు బిల్లు వాళ్ళదే, నెట్ వాళ్ళదే, ఇన్వర్టర్ బ్యాటరీ వాళ్ళదే, నడుము నొప్పికి మందులు వాళ్ళవే. టార్గెట్ మాత్రం పాతదే. అద్దె మిగిలింది, ట్రాఫిక్ తప్పింది, అది నిజం. అయినా యజమానులు ఈ లెక్క కూడా చూడాలి. కూలివాని జీతం విషయంలో యాకోబు 5:4 ఎంత కఠినంగా మాట్లాడుతుందో మనకు తెలుసు.

అలాగే పనివారికి కూడా వాక్యం ఉంది. మనుష్యుల కంటికి కనబడాలని చేసే సేవ వద్దు, ప్రభువుకు భయపడి చేయమని పౌలు కొలొస్సయులకు 3:22లో రాశాడు. అప్పటికి కెమెరాలు లేవు గానీ మనిషి గుండె ఇదే. పని చేస్తున్నట్టు కనబడేందుకు మౌసును దానంతటదే కదిలించే పరికరాలు అమ్ముతున్నారట. ఒక కంపెనీ జీతం తీసుకుంటూ రహస్యంగా ఇంకో కంపెనీకి పని చేసినందుకు 2022లో ఒక పెద్ద ఐటీ కంపెనీ 300 మందిని తీసేసిందని పత్రికల్లో వచ్చింది. మేనేజర్ చూడని గదిలో నువ్వెవరివో అదే నువ్వు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. ఎవరూ చూడకపోయినా నమ్మకంగా పని చేసే బిడ్డా, నీ ప్రమోషన్ ఆలస్యమైనా, రహస్యమందు చూచే తండ్రి నీ లెక్క మరచిపోడు.

ఇప్పుడు నా సొంత తప్పు ఒప్పుకోవాలి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

2023లో కంపెనీలు ఒక్కొక్కటిగా ఉద్యోగులను ఆఫీసులకు పిలవడం మొదలుపెట్టాయి. మైకు తగ్గించమన్న ఆ కీబోర్డు అబ్బాయికి కూడా పిలుపు వచ్చింది. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, "ఏం చేయమంటారయ్యగారూ?" అని అడిగాడు. నేను తల్లిదండ్రులను సన్మానించమనే ఆజ్ఞ చూపించాను. "అమ్మకు షుగరు, నాన్నకు మోకాళ్ళ నొప్పులు. దేవుడు ఇంత దగ్గరికి తెచ్చాక మళ్ళీ దూరం పోవడమెందుకు? ఇంటి నుంచి చేసే పని ఇంకోటి వెతుక్కో" అన్నాను. ప్రార్థన కూడా చేశాను. అతను ఆ ఉద్యోగం మానేసి చిన్న కాంట్రాక్టు పనిలో చేరాడు. ఏడాది తిరగకుండా ఆ పని ఆగిపోయింది. ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాడు. కుదిరినట్టే ఉన్న సంబంధం వెనక్కి పోయింది. ఆదివారం మాత్రం తప్పకుండా వచ్చి కీబోర్డు దగ్గర కూర్చునేవాడు. అతని ముఖం చూడలేక నేను పాటల పుస్తకంలోకి చూసేవాణ్ణి.

ఒక రాత్రి నా భార్య నన్ను అడిగింది. "ఆ అబ్బాయికి కీబోర్డు రాకపోయి ఉంటే అదే సలహా ఇచ్చేవారా?" నేను జవాబు చెప్పలేకపోయాను. అతని తల్లిదండ్రుల గురించి నేను ఆలోచించలేదని కాదు. కానీ కీబోర్డు గురించి ఆలోచించాను. ఐటీ జీతంలో వచ్చే దశమభాగం గురించి కూడా నా మనసులో ఒక మూల లెక్క ఉంది. దేవుని ఆజ్ఞను అడ్డం పెట్టుకుని నా మందిరపు అవసరం మాట్లాడాను.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి క్షమాపణ అడిగాను. వాళ్ళ నాన్నగారు మంచం మీద నుంచి లేవబోతే వద్దన్నాను. ఆ అబ్బాయి కాసేపు తల దించుకుని, "మీరు చెప్పారని ఒక్కటే కాదయ్యగారూ. మూడేళ్ళు ఈ గదిలో కూర్చున్నాక, నలుగురి మధ్యకు వెళ్ళాలంటే నాకే భయమేసింది. మీ మాట ఆ భయానికి సాకైంది" అన్నాడు. ఆ మాట నన్ను ఇంకా వంచింది. అతను నా దగ్గరికి వచ్చింది ధైర్యం కోసం. నేను ఇచ్చింది సాకు.

ఇప్పుడతను హైదరాబాదులో పని చేస్తున్నాడు. వారానికి మూడు రోజులు ఆఫీసు. నెలలో మొదటి ఆదివారం సంస్కారానికి ఊరు వస్తాడు. రోజూ రాత్రి వాళ్ళమ్మతో పది నిమిషాలు మాట్లాడతాడట. మన పాటలకు ఇప్పుడు తబలా, తాళాలే ఆధారం. శ్రుతి కొంచెం అటూ ఇటూ అవుతోంది. ప్రభువు సహిస్తున్నాడు, మీరూ సహించండి.

దూరం నుంచి సేవ చేయడం తక్కువ సేవ అని బైబిలు ఎక్కడా చెప్పదు. పౌలు చెరసాలలో ఉండి రాసిన పత్రికల వల్ల మనం ఈనాటికీ బ్రతుకుతున్నాం. అయితే అదే పౌలు థెస్సలొనీకయులకు రాసేటప్పుడు వాళ్ళ ముఖం చూడాలని రాత్రింబగళ్ళు ప్రార్థిస్తున్నానన్నాడు (1 థెస్స. 3:10). సిరాతో, కాగితంతో రాయడం ఇష్టం లేక ముఖాముఖిగా మాట్లాడాలని యోహాను ఎదురుచూశాడు (2 యోహాను 12). పత్రికలు రాశారు, ముఖాల కోసం ఆరాటపడ్డారు. ఆ ఆరాటం చచ్చిపోతే ప్రమాదం. ఈ మాటలు దుబాయిలోనో, డల్లాస్‌లోనో, బెంగళూరులోనో చదువుతున్న మన సంఘ బిడ్డలారా, 2020లో మొదలైన ఆన్‌లైన్ ఆరాధన మీకు ఆశీర్వాదమైతే దేవునికి స్తోత్రం. కానీ మీరున్న ఊళ్ళో మందిరం ఉండగా ఇంకా మంచం మీద నుంచే ఆరాధిస్తుంటే, మీ ముఖం ఎవరు చూస్తున్నారు? మీరు ఎవరి ముఖం చూస్తున్నారు?

కాబట్టి ఒక కాపరిగా, తండ్రిగా కొన్ని మాటలు.

ఇంటి నుంచి పని చేసే బిడ్డలారా, మీ పనికి ఒక గుంట తవ్వుకోండి. ఒక కుర్చీ, ఒక వేళ. లేచాక ముఖం కడుక్కుని ఇంటివారి మధ్యకు రండి. రాత్రి డ్యూటీ అయితే మధ్యాహ్న భోజనమే మీ కుటుంబ ప్రార్థన వేళ చేసుకోండి. అరగంట చాలు, కానీ ఫోన్ వేరే గదిలో ఉండాలి. ఏడు రోజుల్లో ఒక రోజు మూత తెరవకండి. తెల్లవారకముందే లేచి చాలా రాత్రి దాకా కష్టపడేవాడి ఆయాసం వ్యర్థమని 127వ కీర్తన హెచ్చరిస్తోంది. ఆఫీసుకు రమ్మంటే శాపమనుకోవద్దు. అక్కడ నేర్పేవాళ్ళుంటారు, ముఖ్యంగా కొత్తగా చేరినవాళ్ళకు.

తల్లిదండ్రులారా, బిడ్డ మీ ఇంట్లో ఉన్నాడంటే మీ చేతిలో ఉన్నాడని కాదు. అతని పని వేళలు అడిగి తెలుసుకోండి. "ఇంట్లో కూర్చున్నాడు, ఉద్యోగం ఉందో లేదో" అనే ఇరుగుపొరుగు మాటలకు మీరు జవాబు చెప్పండి. వెళ్ళవలసి వస్తే కన్నీళ్ళతో కట్టేయకుండా ప్రార్థనతో పంపండి.

సంఘ పెద్దలారా, కాలాన్ని బట్టి మనమూ కొంచెం జరగాలి. సాయంత్రం ఏడున్నర గృహ కూడికకు రాలేనివారి కోసం శనివారం ఉదయం ఇంకో కూడిక పెట్టాం. పదిమంది వస్తున్నారు. సండే స్కూల్ గది వారమంతా ఖాళీగా ఉంటోంది కాబట్టి, ఇళ్ళలో ఒంటరిగా పని చేసే పిల్లలకు పగటిపూట తెరిచి ఉంచుతున్నాం. నెట్ ఖర్చు వాళ్ళే పంచుకుంటున్నారు, ఇన్వర్టర్ మందిరానిది. ఇప్పటికి ముగ్గురు వస్తున్నారు. మధ్యాహ్నం కలిసి క్యారేజీలు విప్పుకుంటున్నారు.

గత శుక్రవారం ఉపవాస ప్రార్థనకు పై మైకు వేయలేదు. లోపలి బాక్సు ఒక్కటే పెట్టాం. పాట చెరువు గట్టు దాకా వెళ్ళలేదు. చివరి ప్రార్థన వేళకు ఆ పక్క గదిలోంచి ఇద్దరు నిశ్శబ్దంగా వచ్చి వెనక చాప మీద మోకరించారు. మూడోవాడు కాల్‌లో ఉన్నాడు. తలుపు సందులోంచి నా వైపు చూసి చెయ్యి ఎత్తాడు. నేనూ చెయ్యి ఎత్తి, అతని పేరు కూడా ప్రార్థనలో చేర్చాను.

దూరమున ఉన్నవారికినీ సమీపమున ఉన్నవారికినీ సమాధానమైన ప్రభువు మీ పనినీ, మీ ఇంటినీ, మీ భోజనపు బల్లనూ దీవించును గాక. ఆమేన్.

మీ ప్రార్థనలలో నన్నూ నా కుటుంబాన్నీ జ్ఞాపకం చేసుకోండి.

ప్రభువు సేవలో,
మీ సంఘ కాపరి